పాత ఇంటి పుట్టుపూర్వోత్తరాలు: హైదరాబాద్ గల్లీల్లో భవనాల చరిత్ర వెతికేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సుల్తాన్ బజార్, బేగం బజార్, పత్తర్‌గట్టి, హుస్సేనీ ఆలం, సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కల పాత ఇళ్ల గురించి ఆరా తీసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. కొందరికి అది తాతల ఇల్లు, కొందరికి కాలేజీ ప్రాజెక్టు, ఇంకొందరికి ఆదివారం కాలక్షేపం. ఎవరు అడిగినా సందేహాలు మాత్రం దాదాపు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా బిల్డింగ్ నిజాం కాలం నాటిదంటారు. అంటే ఎప్పటిది?

ఆ మాటతో ఏమీ తేలదు. ఆసఫ్ జాహీల పాలన 1724 నుంచి 1948 దాకా, రెండు వందల ఏళ్లకు పైగా సాగింది. హైదరాబాద్‌లో కాస్త పాతగా కనిపించే ప్రతి గోడనూ జనం ఆ ఖాతాలోనే వేస్తారు. ప్రశ్నను ముక్కలు చేసి అడగండి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు ముందుదా, తర్వాతదా? వరద తర్వాత నగరాన్ని తీర్చిదిద్దడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసిన రోజులదా? భారత సైన్యం హైదరాబాద్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్న 1948 నాటి పోలీస్ యాక్షన్ తర్వాతదా? అఫ్జల్‌గంజ్ లాంటి నది ఒడ్డు ప్రాంతాల్లో మొదటి ప్రశ్నకే సగం కథ తేలిపోతుంది, ఎందుకంటే అక్కడ వరద చాలా ఇళ్లను తుడిచిపెట్టేసింది. "ఏ నిజాం?" అని తిరిగి అడిగినా కొంత లాభమే. ఎక్కువమంది మనసులో ఉండేది 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

ఒక్క ఇల్లు చూస్తే చాలా, గల్లీ మొత్తం చూడాలా?

గల్లీలో రెండు వైపులా ఉన్న ఓ పదిహేను ఇరవై ఇళ్లు ఎంచుకోండి. విడిగా ఒక ఇంటిని చూస్తే అర్థంకాని విషయాలు పక్కిళ్లతో కలిపి చూస్తే తేలతాయి. పాతబస్తీలో ఒకప్పటి ఒక్క దేవిడీ (నవాబులు, జాగీర్దార్ల పెద్ద భవంతి) పంపకాల్లో ముక్కలై, ఇప్పుడు పది గుమ్మాలుగా కనబడుతుంది. మీ ఇంటి వెనక గోడ మూడడుగుల మందం ఎందుకుందో, మెట్లు పక్కింటి వైపు ఎందుకు తిరిగాయో పక్కింట్లోకి వెళ్తే తప్ప తెలియదు. పేట మొత్తం ఒకేసారి నెత్తికెత్తుకుంటే మాత్రం పని ఎప్పటికీ పూర్తికాదు.

ఉర్దూ రాదు, ఫారసీ అసలే రాదు. ఈ పని నాతో అవుతుందా?

అవుతుంది. 1948 తర్వాతి కాగితాలు చాలావరకు ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో ఉంటాయి. బ్రిటిష్ రెసిడెంట్ అధికారంలో ఉన్న రెసిడెన్సీ బజార్లు (ఇప్పటి సుల్తాన్ బజార్ ప్రాంతం), సికింద్రాబాద్‌ల పాత రికార్డుల్లో కూడా ఇంగ్లీషు బాగా కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వ కాగితాలు 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూలో, అంతకుముందువి ఫారసీలో ఉన్నాయి. ముందు ఉర్దూ అంకెలు పదీ నేర్చుకోండి, ఒక్క సాయంత్రం పని. శిలాఫలకాల మీద, దస్తావేజుల్లో సంవత్సరాలు, ఇంటి నంబర్లు మీరే చదువుకోగలరు. మిగతాది చదివించుకోవాలి. అయితే ఉర్దూ వచ్చిన ప్రతివాళ్లూ షికస్తా అనే గొలుసుకట్టు చేతిరాత చదవలేరు. పాత దస్తావేజులు చదివే అలవాటున్న పెద్దవాళ్లను, కోర్టుల దగ్గర అనువాదాలు చేసేవాళ్లను పట్టుకోండి.

## ఇంటి ముందు నిలబడినప్పుడు

గుమ్మం పైన 1925 అని చెక్కి ఉంది. అదే కట్టిన సంవత్సరం అనుకోవచ్చా?

అది ఆ ముఖభాగం సంవత్సరం కావచ్చు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు భాగం పోయి, కొత్త ముఖం కట్టి, దాని మీద తారీఖు వేయించుకున్న ఇళ్లు ఉన్నాయి. అలాంటిచోట వెనక వాకిలి, బావి, వంటగది అంతకంటే పాతవి. ఇల్లు కొన్న సంవత్సరం వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి లోపలికి వెళ్లి చూడండి: ముందు గదుల గోడల మందం, వెనక గదుల గోడల మందం ఒకటేనా? నేల మట్టం ఒకటేనా? కప్పు ఒకే రకమా? తేడా ఉంటే ఆ ఇంటికి ఒకటి కాదు, రెండు మూడు పుట్టినరోజులున్నాయి.

ఫలకం మీద సంవత్సరం 13తో మొదలవుతోంది. హిజ్రీనా, ఫస్లీనా?

రెండూ కావచ్చు, తేడా మాత్రం పెద్దది. హిజ్రీ ఇస్లామీ సంవత్సరం, ఫస్లీ నిజాం ప్రభుత్వం వాడిన రెవెన్యూ సంవత్సరం. హిజ్రీ 1344 అంటే 1925-26. ఫస్లీ 1344 అంటే 1934-35. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ సంవత్సరం చాలాకాలం అక్టోబరు మొదట్లో మొదలయ్యేది కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. హిజ్రీ చాంద్రమానం. ఏడాదికి సుమారు 354 రోజులే, అందుకే ఏదో ఒక అంకె కలిపితే కుదరదు, పట్టిక చూడాల్సిందే.

పక్కన నెల పేరుంటే చిక్కు వీడిపోతుంది. మొహర్రం, సఫర్, రజబ్, రంజాన్ లాంటివి ఉంటే హిజ్రీ. దై, బహమన్, ఖుర్దాద్, తీర్, మెహర్, ఆబాన్ లాంటివి ఉంటే ఫస్లీ. మసీదులు, దర్గాలు, సమాధుల మీద ఎక్కువగా హిజ్రీ ఉంటుంది. ప్రభుత్వ కాగితాలు, పన్ను రసీదుల్లో ఫస్లీ. ఇళ్ల మీద మాత్రం ఏదైనా ఉండొచ్చు.

అంకెలే లేకుండా ఒక పద్యపాదం మాత్రమే ఉంటే దాన్ని వదిలేయకండి. అబ్జద్ లెక్క ప్రకారం ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ ఉంటుంది, అన్నీ కూడితే సంవత్సరం వస్తుంది. నగర నిర్మాణానికి చెప్పే "యా హాఫిజ్" అనే మాటనే చూడండి. "యా"కు 11, "హాఫిజ్"కు 989, మొత్తం 1000. హిజ్రీ 1000 అంటే 1591-92. మామూలు ఇళ్ల మీద కూడా ఇలాంటివి అక్కడక్కడా తగులుతాయి. ఫోటో తీసి తెలిసినవాళ్లకు చూపించండి.

ఇటుక, సున్నం, గర్డర్లు చూసి ఇంటి వయసు చెప్పేయొచ్చా?

"ఇంతకంటే పాతది కాదు" అని చెప్పొచ్చు. "ఇదే సంవత్సరం" అని చెప్పలేం. కప్పులోని ఇనుప గర్డర్ల మీద అచ్చు ఉంటుంది, టార్చి వేసి చదవండి. టాటా అని ఉంటే ఆ కప్పు 1912కు ముందుది కాదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ మొదలైందే ఆ ఏడాది. ఇంగ్లండు కంపెనీల పేర్లున్న గర్డర్లు అంతకుముందూ వచ్చాయి, తర్వాతా వచ్చాయి. హైదరాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. బరువైన గర్డర్లు నగరంలోకి సులువుగా చేరింది ఆ తర్వాతే.

మంగుళూరు పెంకుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. బాసెల్ మిషన్ పెంకు మీద 1865 అని కనబడగానే ఇల్లు 1865 నాటిదని రాసేస్తారు. అది ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. దశాబ్దాల తర్వాత చేసిన పెంకుల మీదా అదే అచ్చు వేశారు.

డంగు సున్నం గోడలు, గచ్చు (సున్నపు పూత) నగిషీలు, టేకు స్తంభాలు, షాబాద్ బండలు చాలాకాలం వాడుకలో ఉన్నవే. వాటిని బట్టి పెద్దగా తేల్చలేం. పైగా ఏదైనా దేవిడీ కూల్చితే తలుపులు, స్తంభాలు, దూలాలు అమ్ముడుపోయి ఇంకో ఇంట్లో చేరతాయి. స్తంభం వయసు ఇంటి వయసు కానక్కర్లేదు. స్తంభం కింద రాతి పీట దానికి సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే అది వేరే ఇంటి నుంచి వచ్చిందని అనుమానించవచ్చు.

ఫోటోలు ఎలా తీయాలి?

ముందు మొత్తం ముఖభాగం, తర్వాత ముక్కలు. పక్కిళ్లతో కలిసే చోట తప్పకుండా తీయండి. వాటిలో ఇంటి నంబరు పలక కనబడే ఫోటో ఒకటైనా ఉండాలి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఏది ఏ ఇల్లో మీకే తెలియదు. ఫ్లెక్సీలు, ఏసీ డబ్బాలు అడ్డమని కోపం తెచ్చుకోకండి. ఇరవై ఏళ్ల తర్వాత అవీ చరిత్రే.

## మ్యాపులు, నంబర్లు

వందేళ్ల కిందట మా గల్లీ ఎలా ఉండేదో చూపించే మ్యాపు ఏదైనా ఉందా?

ఉంది, అదీ చాలా మంచిది. వరద తర్వాత నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దాలనుకున్నప్పుడు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో మునిసిపల్ సర్వే జరిగింది. 1912-15 ప్రాంతంలో తయారైన ఆ పటాల్ని అందరూ మన్ మ్యాపులు అంటారు. వాటిలో గల్లీలు, ఇళ్ల ఆకారాలు, వాకిళ్లు, మసీదులు, గుళ్లు, తోటలు విడివిడిగా కనిపిస్తాయి. స్కాన్లు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ (పాత ప్రభుత్వ రికార్డుల భాండాగారం)లోనూ అడగండి.

చదవడానికి ఒక పద్ధతి ఉంది. మారని గుర్తులు రెండు మూడు పట్టుకోండి: ఒక మసీదు, ఒక కమాన్, ఒక నాలుగు రోడ్ల కూడలి. వాటి మధ్య దూరాన్ని ఇప్పటి గూగుల్ మ్యాపులో కొలిచి, పాతదానితో సరిచూడండి. అప్పుడే మీ ఇల్లు ఎక్కడ పడుతుందో వెతకండి. ఇంటి ఆకారం అదే కనిపించిందని పొంగిపోవద్దు. పాత పునాది మీదే కొత్త ఇల్లు కడితే ఆకారం మారదు. ఆ స్థలం మ్యాపులో ఖాళీగా ఉంటే మాత్రం గట్టి ఆధారం దొరికినట్టే, ఇల్లు ఆ సర్వే తర్వాతదే.

పత్తర్‌గట్టి లాంటిచోట పాత పటం ఇప్పటిదానితో అసలు కలవదు. మదీనా కూడలి నుంచి చార్మినార్ వైపు రోడ్డు వెడల్పు చేసి, రాతి కమాన్లతో దుకాణాల వరస కట్టింది సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డే. ఆ తేడానే అక్కడ మీకు కావలసిన చరిత్ర.

పాత దస్తావేజులో ఉన్న ఇంటి నంబరు ఇప్పటి నంబరుతో కలవడం లేదు. ఏం చేయాలి?

కలవదు, నంబర్లు మారాయి. ఇప్పటి 3-4-512 లాంటి నంబరులో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. పంపకాలయ్యాక దానికి బై నంబర్లు (3-4-512/1 లాంటివి) తోడవుతాయి. సికింద్రాబాద్ మునిసిపాలిటీ 1960లో హైదరాబాద్‌తో కలిసేదాకా అక్కడి వ్యవహారం వేరు. పాత, కొత్త నంబర్లు రెండూ ఒకే కాగితం మీద ఉన్న సందర్భం కోసం వెతకండి. పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు కనెక్షన్ కాగితాలు, కోర్టు డిక్రీలు ఇందుకు పనికొస్తాయి. టౌన్ సర్వే రికార్డు (టీఎస్ఎల్ఆర్)లో వార్డు, బ్లాకు, టీఎస్ నంబరు ఉంటాయి. స్థలాన్ని పట్టుకోవడానికి ఇంటి నంబరు కంటే అదే నమ్మకమైనది.

1950 తర్వాత మార్పులకు మ్యాపులు దొరకడం లేదు. దారేంటి?

అమెరికా గూఢచారి ఉపగ్రహాలు (కరోనా అనే కార్యక్రమం కింద) 1960 నుంచి 1972 దాకా తీసిన ఫోటోల్ని తర్వాత బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైట్లో నగరం పేరు పెట్టి వెతకొచ్చు. ఇల్లు కనబడదు కానీ ఏ పక్క తోట, ఏ పక్క బస్తీ, ఏ చెరువు ఎంతవరకు అన్నది కనబడుతుంది. 2000 తర్వాతిదానికి గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చాలు.

## కాగితాలు, ఆఫీసులు

ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే 1983 నుంచే వస్తోంది. అంతకుముందుది ఎలా?

ఆన్‌లైన్‌లో ఉన్నది అంతవరకే. ముందుకాలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేత్తో వెతికించాలి. ఆ ప్రాంతం అప్పట్లో ఏ ఆఫీసు కింద ఉండేదో ముందు కనుక్కోండి, పరిధులు మారుతూ వచ్చాయి. మీ దగ్గరున్న పాత దస్తావేజులో "ఈ ఆస్తి మాకు ఎలా వచ్చిందనగా" అనే భాగం చదివితే అంతకుముందు దస్తావేజు నంబరు, సంవత్సరం దొరుకుతాయి. అలా ఒక్కో లింక్ డాక్యుమెంటు పట్టుకుని వెనక్కి వెళ్లాలి.

అందరూ దాటేసే భాగం హద్దులు. "తూర్పున ఫలానా సేఠ్ గోదాము, దక్షిణాన రహదారి, పడమర ఫలానావారి ఖాళీ జాగా" అని రాస్తారు కదా, అది ఆ రోజు గల్లీ చిత్రపటం. గల్లీలో నాలుగైదు ఇళ్ల దస్తావేజులు దొరికితే హద్దులన్నీ ఒక కాగితం మీద గీయండి. ఖాళీ జాగా ఎప్పుడు ఇల్లయిందో, గోదాము ఎప్పుడు లాడ్జి అయిందో తేదీలతో సహా బయటపడుతుంది. ధర, వయసు లాంటివాటికంటే నాకు ఈ హద్దుల పేరాయే ఎక్కువ ఇష్టం.

వేరేవాళ్ల ఇంటి దస్తావేజులు నేను చూడటం చట్టరీత్యా తప్పా?

తప్పు కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే బుక్ 1ను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామా నకలు మాత్రం రాసినవారు బతికుండగా వేరేవాళ్లకు ఇవ్వరు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఇంటివాళ్లు ఒప్పుకుంటారనుకోవద్దు. మీరు నకలు తీసిన సంగతి వాళ్లకు వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకోదు. ముందు చెప్పి తీయండి.

తార్నాక ఆర్కైవ్స్‌కు వెళితే మా ఇంటి ఫైలు దొరుకుతుందా?

ఇంటికో ఫైలు అనేది అక్కడ ఉండదు. తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘల్ కాలం నుంచి నిజాం ప్రభుత్వ శాఖల దాకా కాగితాలున్నాయి, శాఖలవారీగా. ఇంటి నంబరు చెబితే సిబ్బందికీ ఏమీ తోచదు. రోడ్డు పేరు, మొహల్లా పేరు, అప్పటి యజమాని పేరు, సుమారు సంవత్సరం రాసుకుని వెళ్లండి. ఏ శాఖ ఆ ఇంటి జోలికి వచ్చి ఉంటుందో ఆలోచించండి. రోడ్డు వెడల్పులో స్థలం పోయిందా? సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు (ఉర్దూలో ఆరాయిష్-ఎ-బల్దా) కాగితాలు అడగండి. ప్రభుత్వం అద్దెకు తీసుకున్న భవనమా? ఆ స్కూలు లేదా ఆఫీసు ఏ శాఖదో ఆ ఫైళ్లు. జాగీర్దారు దేవిడీనా? వారసత్వ తగాదాల కాగితాల్లో ఇళ్ల జాబితాలు ఉంటాయి. మొదటిసారే దొరకాలని ఆశపడొద్దు. వెళ్లేముందు అనుమతి పత్రానికి ఏం కావాలో ఫోన్ చేసి కనుక్కోండి, గుర్తింపు కార్డు ఎలాగూ కావాలి.

బల్దియా (మునిసిపల్ కార్పొరేషన్)లో ఏం అడగాలి? ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

నోటితో అడిగితే "పాతవి లేవు" అనే వినబడుతుంది. ఆర్‌టీఐ కింద పది రూపాయల ఫీజుతో రాసి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఈ భవనం చరిత్ర చెప్పండి" అని రాయకండి, వాళ్లు చరిత్ర రాయరు. "ఫలానా ఇంటి నంబరుకు సంబంధించి ఉన్న నిర్మాణ అనుమతి ఫైలు, పన్ను మదింపు రిజిస్టరు పేజీ నకళ్లు ఇవ్వండి" అని అడగండి. రికార్డు లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పమనండి.

మా బంగ్లా సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉంది. అక్కడా ఇవే పద్ధతులా?

కాదు. అక్కడ మూలాధారం జనరల్ ల్యాండ్ రిజిస్టర్, అందరూ జీఎల్ఆర్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉంది, ఏ హక్కు కింద ఉంది అన్నీ ఉంటాయి. "ఓల్డ్ గ్రాంట్" అని ఉంటే నేల ప్రభుత్వానిది, కట్టడం మాత్రమే అనుభవదారుది అని అర్థం. అంత పాత బంగ్లాలను ఎందుకు అన్నేళ్లు పడగొట్టలేదో కూడా కొంతవరకు ఇందులోనే తెలుస్తుంది.

విదేశంలో ఉన్నాను. ఇక్కడి నుంచి ఏమైనా చేయగలనా?

రెసిడెన్సీ కాగితాలు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో కేటలాగు వెతకొచ్చు, కొన్ని ఫైళ్లు చదవొచ్చు కూడా. లండన్‌లో ఉంటే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు చూడండి. స్పెల్లింగులు నాలుగైదు రకాలుగా వేసి వెతకాలి. చాదర్‌ఘాట్ ఒక్కటే ఎన్ని రకాలుగా రాశారో చూస్తే నవ్వొస్తుంది.

## గ్రంథాలయాలు, పేర్లు

పాత పత్రికల్లో ఇళ్ల గురించి ఏముంటుంది?

వార్తల కంటే ప్రకటనలు చూడండి. అద్దెకు ఇల్లు, కొత్త దుకాణం ప్రారంభం, వేలం నోటీసు, డాక్టరు చిరునామా మారింది లాంటివి. తెలుగు పత్రికలకు సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, ఉర్దూకు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం (పాత ఆసఫియా), బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడండి. 1926లో మొదలైన గోలకొండ పత్రికలో నగరం ముచ్చట్లు దొరుకుతాయి. కాగితం పెళుసుగా ఉంటుంది, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోనిస్తారేమో అడగండి.

మా బిల్డింగ్ విన్సెంట్ ఎష్ డిజైన్ అంటున్నారు. నిజమేనా?

హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్ ఈ బ్రిటిష్ ఆర్కిటెక్ట్ డిజైన్లే. ఆ తర్వాత గుమ్మటం, కమాన్ ఉన్న ప్రతిదాన్నీ ఆయనకే అంటగట్టే అలవాటు మనవాళ్లకు పడింది. సంతకం ఉన్న ప్లానో, అప్పటి ప్రభుత్వ నివేదికో లేకుండా ఆ పేరు రాయకండి. మామూలు ఇళ్లను కట్టింది మేస్త్రీలు. వాళ్ల పేర్లు ఎక్కడైనా కనబడితే ఎష్ పేరు దొరికిన దానికంటే ఎక్కువ సంతోషించాలి.

## మనుషుల దగ్గర

ఇంటివాళ్లు అనుమానంగా చూస్తున్నారు, లోపలికి రానివ్వడం లేదు. ఎలా?

వాళ్ల భయంలో న్యాయం ఉంది. పాత ఇంటి గురించి అడిగేవాళ్లు సాధారణంగా బిల్డర్లు, బ్రోకర్లు, నోటీసు తెచ్చే ఆఫీసువాళ్లు. అన్నదమ్ముల కేసు కోర్టులో ఉండొచ్చు, పాత అద్దెకు ఉంటున్నవాళ్లకు ఖాళీ చేయిస్తారన్న టెన్షన్ ఉండొచ్చు. మొదటిరోజు యజమాని ఎవరు, ఎన్ని గజాలు అని అడగకండి. బావిలో నీళ్లు ఎప్పటిదాకా తోడారు, పెళ్లిళ్లు ఎక్కడ చేసేవారు, కింద దుకాణంలో ఏం అమ్మేవారు అని అడగండి. తెలిసినవాళ్లతో వెళ్లండి: కిరాణా కొట్టాయన, గుడి పూజారి, మసీదు కమిటీ పెద్దమనిషి. చాయ్ ఇస్తే తాగండి, వద్దనకండి. పాత ఫోటో ఒకటి ప్రింటు తీసి చేతికిచ్చి చూడండి, మాటలు వాటంతటవే వస్తాయి.

ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరివీ పేరు, తేదీతో రాసుకోండి. సంవత్సరం అడిగితే చెప్పలేకపోవచ్చు. సంఘటన అడిగితే చెబుతారు: పోలీస్ యాక్షన్‌కు ముందా, 1969 తెలంగాణ ఉద్యమం నాటికి మేడ ఉందా, పెద్దక్క పెళ్లి ఈ వాకిట్లోనే అయిందా? "నవాబు గారు మా తాతకు ఇనాంగా ఇచ్చాడు" అనే మాట చాలా ఇళ్లలో వినబడుతుంది. కాగితం దొరికేదాకా దాన్ని కుటుంబం చెప్పుకునే కథగానే రాయండి. కొట్టిపారేయవద్దు, నిజమని తేల్చనూ వద్దు.

## రాసేటప్పుడు

ఎన్ని ఆధారాలుంటే ఖాయంగా రాయొచ్చు?

ఒకదానిమీద ఒకటి ఆధారపడని రెండు ఉంటే చాలు. మూడు వెబ్‌సైట్లలో ఒకే వాక్యం ఉంటే అది ఒక్క ఆధారమే, రెండు చోట్ల కాపీ కొట్టారు. "1915-1934 మధ్య" అని రాయడానికి సిగ్గుపడకండి. సున్నంతో పూడ్చినట్టు ఖాళీలు పూడ్చే రాతల వల్లే మన నగరంలో ఇన్ని తప్పుడు తేదీలు తిరుగుతున్నాయి.

మేం చరిత్ర రాస్తే భవనాన్ని కూల్చకుండా ఆపొచ్చా?

రాత ఒక్కటే ఆపదు, కానీ రాత లేకపోతే ఆపే ప్రయత్నమే మొదలుకాదు. నగరంలో వారసత్వ కట్టడాల రక్షణకు జోనింగ్ నిబంధనల్లో (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేవి) 13వ నిబంధన 1995లో వచ్చింది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధన తీసేసింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం తెచ్చింది. 2019 సెప్టెంబరులో హైకోర్టు పాత ప్యాలెస్ ఇర్రం మంజిల్ స్థానంలో అసెంబ్లీ కట్టాలన్న క్యాబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. మామూలు నివాసాలు చాలావరకు ఏ జాబితాలోనూ లేవు. అందుకే కూల్చడానికి ముందే కొలతలు, ఫోటోలు, దస్తావేజుల సారాంశం సిద్ధంగా ఉంచుకోవాలి. జేసీబీ వచ్చాక తీసిన ఫోటోలు కేసుకు పెద్దగా పనికిరావు.

సేకరించినదంతా ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చా?

ఫోటోలు, మ్యాపులు, చనిపోయిన పాత యజమానుల పేర్లు పెట్టండి. ఇప్పుడు ఉంటున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, దస్తావేజుల పూర్తి స్కాన్లు, లోపలి గదుల ప్లాను పెట్టకండి. సంతకాలు, వేలిముద్రలు ఉన్న పేజీలతో నకిలీ కాగితాలు తయారుచేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. పెట్టేముందు ఇంటివాళ్లకు ఒకసారి చూపించండి. వాళ్లకో ప్రింటు కాపీ ఇవ్వండి, ఒక కాపీ దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.